కమానుకు ముందు ఊపిరి

రికార్డింగ్ గదుల్లో ఆయన్ని అందరూ చీపురాయన అనేవారు. మొహం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. ఎవరు పెట్టారో గానీ తప్పు పేరు పెట్టలేదు. ఆయన పని ఊడవడమే. నేల కాదు, చప్పుడు. ఎవరైనా వాయించినదాన్ని రికార్డు చేసి ఆయన చేతికిస్తే అందులో సంగీతం కానిదంతా ఏరి పారేసేవాడు. కుర్చీ కిర్రుమనడం, ఎవరి మోచెయ్యో స్టాండుకు తగలడం, గోడ అవతల లిఫ్టు దిగడం, మధ్యాహ్నం కావొస్తుంటే ఎవరి కడుపులోనో పుట్టే ఆకలి కూత. ఇంత చిన్న చప్పుడు ఎవరికి వినిపిస్తుందయ్యా అని అడిగితే "నాకు వినిపించింది కదండీ" అనేవాడు.

ఆయన ఎక్కువగా ఊడ్చింది స్ట్రింగ్స్ లైబ్రరీలు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. వయొలిన్, దానికన్నా కాస్త పెద్దదైన వయోలా, చెల్లో లాంటి తీగవాద్యాలు వాయించేవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా వాయింపిస్తారు. మెల్లగా ఓసారి, గట్టిగా ఓసారి, పొడుగ్గా, పొట్టిగా, వేలు జారుస్తూ. ఆ ముక్కలన్నీ కంప్యూటర్లో సర్ది అమ్ముతారు. కొనుక్కున్నవాడు కీబోర్డు మీద వేలు పెడితే చాలు, వాద్యబృందం మొత్తం పలుకుతుంది. అంతమందిని పిలవడం, కూర్చోబెట్టడం, టీలు ఇప్పించడం అనే బాధ ఉండదు. అయితే ఒక ముక్కలో ఎవరి దగ్గో మిగిలిపోయిందంటే, పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా ఆ మనిషి దగ్గుతూనే ఉంటాడు. అందుకే అంత పెద్ద వ్యవహారంలోనూ చీపురాయన లేకుండా పని జరిగేది కాదు.

భార్యను ఆయన ముందు విన్నాడు, తర్వాత చూశాడు. ఒక లైబ్రరీ కోసం రికార్డింగు జరుగుతుంటే, ప్రతి స్వరానికి ముందూ ఎవరో ముక్కుతో సుయ్యిమని గాలి పీల్చడం హెడ్‌ఫోన్లలో వినిపించింది. కమాను తీగ మీద పడే ముందు ఓ చిన్న ఊపిరి, దాని చివర చిన్న ఆగుడు, ఆ తర్వాత స్వరం. ప్రతిసారీ అంతే. వయోలాల వరసలో మొదటి కుర్చీలోంచి వస్తోందని కనిపెట్టి లోపలికి వెళ్లాడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. నేల చూస్తూ అడిగాడు.

"ఏమీ అనుకోకండి. కాస్త ఊపిరి తీసుకోకుండా వాయించగలరా?"

"దానికి నేనెందుకండీ," అందామె, "ఓ శవాన్ని పిలిపించుకోండి. చాలా శుభ్రంగా వాయిస్తుంది."

వరసంతా ఘొల్లుమంది. ఈయన చెవుల దాకా ఎర్రబడి బయటికి వచ్చేశాడు. ఆమె మటుకు ఊపిరి పీలుస్తూనే వాయించింది. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడి ఆమె ముక్కెముక కాస్త వంకర తిరిగిందట. ఎంత మెల్లగా పీల్చినా సన్నగా ఈల వేసినట్టు ఉండేది.

ఆ లైబ్రరీలో వయోలా ఒంటరిగా పలికే ముక్కలన్నీ ఆమెవే. ఆ ఊపిరినంతా తర్వాత ఈయన కూర్చుని ఒక్కొక్కటే తుడవాల్సి వచ్చింది. ప్రేమలో పడ్డవాళ్లు పాటలు రాస్తారు, సైకిళ్లేసుకుని వీధులు చుట్టబెడతారు. ఈయన ఒకావిడ ఊపిరిని గీకి పారేస్తూ పడ్డాడు. దేన్నయినా తుడవాలంటే ముందు దాన్ని వినాలి కదా! ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, గట్టి స్వరానికి ముందు ఎంత లోతు, మెల్లటిదానికి ముందు ఎంత పల్చన. ఆ పని పూర్తయ్యేసరికి ఆమె ఊపిరి ఆమెకన్నా ఈయనకే బాగా తెలిసిపోయింది. గుండె చిక్కబట్టుకుని వెళ్లి అడిగాడు. ఆమె ఒప్పుకుంది. "ఇంట్లో కూడా తుడుస్తారా ఏమిటి?" అని మాత్రం అడిగింది.

ఇంట్లో తుడవలేదు. అవసరమైనప్పుడు ఆమే తుడవనివ్వలేదు. "నువ్వు గురక పెడుతున్నావు" అని లేపితే "మీ చేతిలో పనే కదా, తీసేసుకోండి" అని అటు తిరిగి పడుకునేది. అలా నవ్వుకుంటూ చాలాకాలం బతికారు.

వాళ్లకు ఒక్కతే కూతురు. తల్లి వాయించుకుంటుంటే ఆ పిల్ల కుర్చీ ముందు నేల మీద, తల్లి మోకాళ్లకు వీపు ఆనించి కూర్చునేది. పెద్దయ్యాక ఆ పిల్లే పాటలకు వాద్యాలు కూర్చే పనిలోకి వచ్చింది. తల్లిలా ముక్కుసూటి మనిషి, తండ్రిలా చెవి పదును. ఇద్దరి దగ్గరా మంచివే ఏరుకుందని వచ్చినవాళ్లంతా అంటుంటే చీపురాయన మొహం చేటంత అయ్యేది.

ఆ తర్వాత భార్యకు జబ్బు చేసింది. ఇంకెక్కడా చోటు లేనట్టు ఊపిరితిత్తుల్లోనే చేరింది. ఆసుపత్రులు తిరిగారు, మందులు మార్చారు, లాభం లేకపోయింది. చివరి నెలల్లో వెనకగదిలో కిటికీ పక్కన కూర్చుని, ఓపిక ఉన్న మధ్యాహ్నాల్లో వయోలా తీసేది. ఎప్పుడూ ఒకటే, తను కట్టుకున్న చిన్న వరస. వరసకన్నా ఊపిరే ఎక్కువ వినిపించేది. ఎగదన్నుకుంటూ, మధ్యలో తెగుతూ, మళ్లీ అందుకుంటూ. ఒకరోజు కూతురు ఫోను ఎదురుగా పెట్టి దాన్ని రికార్డు చేసింది. చీపురాయన గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. నిలబడలేక వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాడు.

ఆమె పోయింది. వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. కూతురు కొత్త ఫోను కొనుక్కుని పాతది తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇందులో అమ్మది ఉంది. జాగ్రత్తగా ఎక్కడైనా దాచు."

ఆ మనిషికి జాగ్రత్త అంటే తెలిసింది ఒకటే. తన యంత్రం ముందు కూర్చున్నాడు. ముందు ఫ్యాను చప్పుడు తీశాడు. వీధిలో హారను తీశాడు. ఆ తర్వాత భార్య ఊపిరి దగ్గరికి వచ్చాడు. అది వినడం ఆయన వల్ల కాలేదు. ప్రతి ఊపిరీ ఆయన్ని కోసేసింది. పైగా ఆమె ఎంత దర్జాగా వాయించిన మనిషి! అలా రొప్పుతూ కలకాలం మిగిలిపోవడం ఆమెకు మాత్రం ఇష్టమా అనుకున్నాడు. ఏడుస్తూనే కూర్చుని, జీవితంలో ఎన్నడూ చేయనంత బాగా చేశాడు. గాటు కనిపించలేదు, అతుకు తెలియలేదు. మురికి కాపీ మిగిల్చితే ఎవడో ఒకడు పొరపాటున దాన్నే పంపిస్తాడని వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. తుడిచాక పాతది చెరిపేయాలి. చేతికి అలవాటైన పని. ఫోనులోదీ యంత్రంలోదీ రెండూ చెరిపేసి, శుభ్రమైనదాన్ని కూతురికి వినిపించాడు. మెచ్చుకుంటుందనే అనుకున్నాడు, పాపం.

పిల్ల చివరిదాకా విని హెడ్‌ఫోన్లు తీసింది.

"ఇందులో అమ్మ ఏదీ?"

"అమ్మే కదమ్మా వాయించింది."

"వయోలా ఉంది. అమ్మ ఏది నాన్నా? ముందుది ఎక్కడ పెట్టావు?"

ఆయన నీళ్లు నమిలాడు. ఆ పిల్లకు అర్థమైపోయింది. అరవలేదు, ఏడవలేదు. సంచీ తీసుకుని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఊరవతల వేరే ఇల్లు చూసుకుంది. కరెంటు బిల్లు కట్టావా, మాత్రలు వేసుకుంటున్నావా అని ఫోనులో అడిగేది. అంతకుమించి ఒక్క మాట లేదు. చీపురాయన పని ఒప్పుకోవడం మానేశాడు. ఇంట్లో ఎటు చూసినా నిశ్శబ్దమే. జీవితమంతా ఆయన ఎవరెవరికో తయారుచేసి ఇచ్చిన సరుకే అది. ఇప్పుడు ఆయన ఇల్లంతా నిండింది.

అలాంటిది, ఒకరోజు సాయంత్రం కూతురు తలుపు కొట్టింది. చేతిలో కంప్యూటరు, మొహంలో అలసట.

"ఒక పనుంది," అంది, చెప్పులు విప్పుతూ. "నీ చెవి కావాలి."

చెవి కావాలంది. తండ్రి కావాలనలేదు. అయినా ఆయన ప్రాణం లేచి వచ్చింది.

పనేమిటంటే, ఆమె ఒక చిన్న సినిమాకు సంగీతం చేస్తోంది. చివర్లో ఒక ముసలావిడ ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లిపోతుంది. మాటలు లేవు, స్ట్రింగ్స్ మాత్రమే. బృందాన్ని పిలిచే తాహతు ఆ సినిమాకు లేదు. ఆమె ఎన్ని లైబ్రరీలు మార్చి వాయించినా దర్శకుడు ఒకటే అంటున్నాడట, "అన్నీ బాగున్నాయండీ, కానీ ఎవరూ వాయిస్తున్నట్టు లేదు" అని.

"ఏది నిజంలా ఉందో నువ్వు చెప్పు," అంది.

మొదటిది పెట్టింది. పెద్ద హాలులో రికార్డు చేసిన లైబ్రరీ అది. ఒక్క స్వరం నొక్కగానే గది నిండిపోయింది.

"ఆర్భాటం ఎక్కువ," అన్నాడాయన. "హాలు మోతలో తప్పులన్నీ దాక్కుంటాయి. ఒకావిడ తాళం వేసుకుని వెళ్తుంటే ఊరంతా మేళతాళాలతో సాగనంపినట్టుందమ్మా."

రెండోది పెట్టింది. మైకులు దగ్గరగా పెట్టి రికార్డు చేసిన లైబ్రరీ అది. కమాను తీగను గీసుకోవడం కూడా వినిపిస్తోంది. ఆయన ముందుకు వంగాడు.

"ఒకే స్వరం నాలుగుసార్లు కొట్టు." ఆమె కొట్టింది. "విన్నావా? నాలుగూ అచ్చు గుద్దినట్టున్నాయి. మనిషి తన పేరు కూడా రెండుసార్లు ఒక్కలా పలకలేడు. ఇప్పుడు మెల్లగా మొదలుపెట్టి పెంచు... ఊఁ. అక్కడ, చూడు. పెరగడం లేదు, ఒకటి ఆగి ఇంకోటి మొదలవుతోంది. మెట్లెక్కుతున్నట్టుంది."

చాలా రోజుల తర్వాత తండ్రీకూతుళ్లు ఒకే చప్పుడు విని ఒకేసారి మొహం చిట్లించారు. ఆయనకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. కానీ ఆమె వెంటనే మొహం తిప్పుకుని, తెర వైపు చూస్తూ అంది.

"అమ్మవాళ్లది కూడా పెట్టు."

ఆ లైబ్రరీ ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆయన దగ్గర పాత డిస్కులో ఉంది. తెచ్చి తగిలించాడు. కూతురు అదే పాటను దానితో పలికించింది. ఇద్దరూ కదలకుండా విన్నారు. వేలు ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే తీరు, కమాను తిరిగేచోట చిన్న ఒరిపిడి, అన్నీ ఆమెవే. మిగతా రెండూ దీని కాలిగోటికి చాలవు. అయినా ఏదో లేదు. స్వరం ఆగిన చోట గది కూడా ఆగిపోతోంది. మళ్లీ స్వరం ఎక్కడినుంచో ఊడిపడుతోంది.

"ఎక్కడైనా మిగిలిందా నాన్నా?" అంది కూతురు.

ఏమిటని ఆయన అడగలేదు. ఆమె లైబ్రరీ కోసం రాలేదని అప్పటికి ఆయనకు తెలిసిపోయింది. విడి ముక్కలన్నీ తెరిచాడు. కింది స్వరాలు, పై స్వరాలు, మెల్లటివి, గట్టివి. ప్రతిదాని మొదట్లోనూ తెర మీద చప్పుడును చూపించే గీత చదునుగా ఉంది. ఎప్పుడో కొన్నవాడొకడు, ఒక కింది స్వరంలో ఎవరో పక్కన నిలబడి గాలి పీలుస్తున్నట్టుందని ఫిర్యాదు చేశాడు. ఆ ఒక్కటీ అప్పుడు సరిచేసి పంపించి, శభాష్ అనిపించుకున్నాడు. అది కూడా గుర్తొచ్చింది. తన పనితనాన్ని చూస్తే ఆయనకు మొదటిసారి అసహ్యం వేసింది.

"లేదమ్మా," అన్నాడు. "నేను ఏదీ వదల్లేదు."

ఆమె తల ఊపింది. పాటను ఆయన యంత్రంలోనే వదిలి లేచింది. "రేపు సాయంత్రం వస్తాను. ఏది వాడాలో చెప్పు. ఏదీ కాదంటే ఆ మొదటిదే పెట్టేస్తాను, పోనీ." మెట్లు దిగుతున్న ఆమె అడుగులు ఆయన చివరిదాకా విన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన ఏం చేయాలో తోచక మళ్లీ యంత్రం ముందు కూర్చున్నాడు. భార్య వాయించిన స్వరాలనే ఎంచుకుని పాటను మొదట్నుంచీ పెట్టాడు. మొదటి స్వరం పడే ముందు, ఖాళీగా ఉన్న ఆ క్షణంలో, ఆయన ముక్కు దానంతటదే గాలి పీల్చింది. పీల్చి, కాస్త ఆగింది. అప్పుడు వయోలా పలికింది.

ఆయన ఉలిక్కిపడి పాట ఆపేశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అలాగే జరిగింది. ఏ ఊపిరిని వెతికి వెతికి చంపాడో, అది ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఎంత లోతు, ఎంత పొడుగు, ఎక్కడ తెగాలి అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ మనిషే.

ఫ్యాను కట్టేశాడు. కిటికీలు మూశాడు. మైకు ముందు కూర్చుని, ముక్కును ఒకవైపు బొటనవేలితో నొక్కి పట్టి పీల్చి చూశాడు. సన్నటి ఈల వచ్చింది. గుక్కెడు నీళ్లు తాగి మొదలుపెట్టాడు. ఒక్కో వరసకు ముందు ఒక్కో ఊపిరి. మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాడు. పనంతా అయ్యాక ఎన్నో ఏళ్ల అలవాటుకొద్దీ చెయ్యి చెరిపేసే మీట మీదకు వెళ్లింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

సాయంత్రం కూతురు వచ్చింది. కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. పాట పెట్టాడు.

పాటకు ముందు, ఏమీ లేనిచోట, ఒక ఊపిరి. చివర చిన్న ఆగుడు. అప్పుడు వయోలా.

కూతురి చెయ్యి తన నడినెత్తి మీదకు వెళ్లింది. వెళ్లినట్టు ఆమెకే తెలియదు. కళ్లు మూసుకుని పాట అయ్యేదాకా అలాగే ఉంది. కళ్లు తెరిచేసరికి మొహమంతా తడి.

"దొరికిందా?" అంది. గొంతు చిన్నపిల్లదైపోయింది. "ఎక్కడ దొరికింది నాన్నా?"

ఔననేస్తే సరిపోయేది. పాత డిస్కులో ఓ మూల అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ ఒక్క మాటతో కూతురు మళ్లీ ఆయనదైపోయేది. ఆ ఆశ ఆయనకు పుట్టలేదంటే అబద్ధమే.

"దొరకలేదమ్మా," అన్నాడు. "అది నేను."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"ముక్కు ఒకవైపు మూసి పీల్చాను. మీ అమ్మది అలాగే వచ్చేది కదా."

ఆమె చివ్వున లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"అమ్మది తుడిచేసి, ఇప్పుడు నువ్వు పీలుస్తావా? దాన్ని కూడా నువ్వే చేసేస్తావా? నీకు అసలు..." మాట పూర్తికాలేదు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా అప్పుడు వచ్చింది. కిటికీ చువ్వలు పట్టుకుని బావురుమంది.

చీపురాయన దగ్గరికి వెళ్లలేదు. వెళ్లే హక్కు ఉందనుకోలేదు.

"నా దగ్గర ఇంకేం మిగల్లేదమ్మా," అన్నాడు కూర్చున్నచోటి నుంచే. "ఆ ఊపిరి ఎలా ఉండేదన్న గుర్తు ఒక్కటే మిగిలింది. నీకివ్వడానికి వేరే ఏమీ లేదు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతూ ఉన్నారు. అది స్టార్టయి వెళ్లిపోయింది. ఆమె వచ్చి కుర్చీ ఎత్తి, కూర్చుని, పాట మళ్లీ పెట్టుకుంది. వింది. వెనక్కి తిప్పి మళ్లీ వింది.

"రెండో వరస దగ్గర తొందరపడ్డావు," అంది. ఏడ్చిన గొంతు ఇంకా తేరుకోలేదు. "అమ్మ అక్కడ ఊపిరి తీసుకున్నాక ఇంకాస్త ఆగేది."

"లేదే. లైబ్రరీలో ఎప్పుడూ..."

"లైబ్రరీలో కాదు. ఇంట్లో. నేను ముందు కూర్చునేదాన్ని కదా. ఊపిరి వదిలితే నెత్తి మీద వెచ్చగా తగిలేది. అది చల్లబడేదాకా ఆగి, అప్పుడు కమాను వేసేది."

ఆ సంగతి ఆయనకు తెలియదు. అన్నేళ్లు విన్నాడు, ఇది ఆయన చెవికి అందలేదు.

ఆమె మైకును సర్ది, రికార్డింగ్ మీట నొక్కింది. వచ్చి ఆయన కుర్చీ ముందు నేల మీద, ఆయన మోకాళ్లకు వీపు ఆనించి కూర్చుంది.

"పీల్చు," అంది. "కమాను ఎప్పుడు పడాలో నేను చెయ్యెత్తి చెప్తాను."

ఆయన పీల్చాడు. ఆగాడు. వదిలాడు. ఆమె నెత్తి మీద వెంట్రుకలు కదిలాయి. ఆమె కాసేపు ఆగి చెయ్యెత్తింది. "ఇంకోసారి. ఇంత గట్టిగా కాదు." మళ్లీ పీల్చాడు. "ఊఁ. దగ్గరికొచ్చావు. ఇంకోసారి." ఈసారి ఊపిరి సగంలో తెగి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. జీవితంలో ఒక్క చప్పుడూ మిగల్చని మనిషి, నడుస్తున్న మైకు ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుపు సద్దుమణిగాక, అలవాటుగా ఆయన చెయ్యి మీట వైపు వెళ్లింది.

"పాడైపోయింది. తీసెయ్యనా అమ్మా?"

కూతురు వెనక్కి చూడకుండానే ఆ చేతిని అందుకుని, తన భుజం మీద పెట్టుకుంది.

"ముట్టుకోకు నాన్నా," అంది. "ఉండనీ."